కొండవాళ్ళ పేరున్న రాయి

ఈ సంచికలో నేను రాళ్ళ గురించి రాస్తున్నాను. రాళ్ళలో చదవడానికి ఏముంది అని నవ్వకండి, చివరిదాకా చూడండి.

మన తూర్పు కనుమల్లో ఎక్కువగా దొరికే ఒక రాయి పేరు ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు దానికి పెట్టాడు. ఖోండులంటే మనం కోదులు అనేవాళ్ళే. ఏ దేశంలో చదివినా ఆ రాయికి అదే పేరు.

రాయి వేరు, ఖనిజం వేరు. వేరుశెనగ అచ్చును రాయి అనుకుంటే, అందులోని పలుకులు ఖనిజాలు. ఖోండలైట్లో పలుగురాయి అనే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, ఎర్రటి గార్నెట్, సూదుల్లాంటి సిల్లిమనైట్ ఉంటాయి. కొన్నిచోట్ల పెన్సిల్ ముల్లులో వాడే గ్రాఫైట్ కూడా ఉంటుంది.

ఖనిజాన్ని గుర్తుపట్టడం ఎలా?

1. కాఠిన్యం: 1812లో ఫ్రెడ్రిక్ మోస్ ఖనిజాలకు 1 నుంచి 10 దాకా అంకెలు ఇచ్చాడు. బలపపు రాయి 1, పలుగురాయి 7, వజ్రం 10. మన గోరు సుమారు 2.5, గాజు సుమారు 5.5. పెద్ద అంకెది చిన్న అంకెదాన్ని గీస్తుంది.

2. గీత రంగు: నునుపు లేని టైలు వెనక వైపు రుద్దితే పడే గీత. గ్రాఫైట్ అయితే నల్లగా పడుతుంది.

3. విరిగే తీరు: అభ్రకం పొరలు పొరలుగా ఊడుతుంది. పలుగురాయికి అలా పొరలుండవు, సీసా పెంకులా వంపుగా పగులుతుంది.

రంగును మాత్రం నమ్మకూడదు. పలుగురాయి ఒక్కటే తెల్లగా, ఊదాగా, పొగరంగులో కూడా ఉంటుంది.

రాయి వంగుతుందా?

వంగుతుంది! అనకాపల్లి బెల్లం సంగతి మనందరికీ తెలుసు గదా. వేడి పాకాన్ని ఎలా తిప్పితే అలా తిరుగుతుంది. అదే ఆరి దిమ్మ అయ్యాక కొడితే ముక్కలవుతుంది. పదార్థం ఒకటే, వేడి తేడా. అయితే రాయి పాకంలా కరిగిపోనక్కర లేదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుములా గట్టిగా ఉంటూనే వంగుతుంది.

సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం ఖోండలైట్ భూమి లోపల 20 కిలోమీటర్లకు పైగా లోతున ఉంది. అక్కడ 800 డిగ్రీలు దాటిన వేడి. అన్ని వైపుల నుంచీ బరువు నొక్కడం వల్ల పగులు తెరుచుకోదు. తోపుడు కూడా చాలా నెమ్మది. అందుకే రాయి విరగకుండా చాపలా ముడుతలు పడింది. ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట వంపులు తిరిగిన చారలు కనిపిస్తే, అవి ఆనాటి ముడుతలే.

పైకి వచ్చి చల్లబడ్డాక ఆ రాయి వంగదు, పగులుతుంది. ఎన్నో ఏళ్ళ వానకు, ఎండకు ఫెల్డ్‌స్పార్ బంకమట్టి అయిపోతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడుతుంది. చారలు అలాగే ఉంటాయి గనుక చూడ్డానికి రాయే, కానీ గునపం దిగిపోతుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన జిల్లాలో గొలుగొండ మండలం కరక కొండల్లో రంగురాళ్ళ కోసం దొంగతనంగా సొరంగాలు తవ్వారు. పెళ్ళలు విరిగిపడి మనుషులు చనిపోయారు. కుళ్ళిన రాయిలో సొరంగం తీస్తే పైబరువును ఆపేది ఏదీ ఉండదు. వాన నీరు పగుళ్ళలోకి దిగితే బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. వంగి హెచ్చరించే కాలం ఆ రాయికి ఎప్పుడో అయిపోయింది, ఒక్కసారిగా కూలుతుంది. సెలవుల్లో ఎవరైనా కూలి ఎక్కువిస్తాం రమ్మంటే, సన్నగా ఉన్నావు లోపలికి దూరగలవు అంటే, వెళ్ళకండి. ఇంట్లో అన్నదమ్ములకు కూడా ఈ మాట చెప్పండి.

చేసి చూడండి

1. కొవ్వొత్తిని అరచేతుల్లో కాసేపు ఉంచి నెమ్మదిగా వంచండి. ఇంకోదాన్ని చల్లగా ఉండగానే ఠక్కున వంచండి. తేడా ఏమిటి?

2. పలుగురాయితో పాత సీసా ముక్క మీద గీయండి. ఏది ఏదాన్ని గీసింది? ఎందుకు?

జవాబులు రాసి సైన్సు మాస్టారికి ఇవ్వండి. సరైనవి వచ్చే సంచికలో వేస్తాం.

— 9వ తరగతి విద్యార్థి