అట్ట మీది సినిమా

సినిమా మీద వ్యాసమంటే కథ గురించో, నటన గురించో, పాటల గురించో రాయడం మామూలు. నేను ఈసారి సినిమా జోలికి పోకుండా, దాన్ని చుట్టి ఇచ్చిన అట్ట గురించి రాస్తానంటే మా సంపాదకవర్గంలో ఒక మిత్రుడు నవ్వి, "మిఠాయి పక్కనబెట్టి పొట్లం కాగితం గురించి రాస్తవా?" అన్నాడు. రాస్తాను. ఎందుకంటే ఆ పొట్లం కాగితాన్ని చేతులారా పారేసి, ఏం పోయిందో ఆ తర్వాత తెలుసుకున్నవాణ్ణి నేను.

మా ఇల్లు లాలాపేటలో. విజయ డెయిరీకి నడిచి వెళ్ళేంత దూరం. 1989 నుంచి 2004 దాకా నాన్న ఇంటి ముందుగదిలో వీడియో లైబ్రరీ నడిపారు. నాకు ఊహ తెలిసేసరికి అది మూతపడింది. నేనెరిగిన లైబ్రరీ అంతా అటక మీది సామానే. కానీ ఆ పద్ధతి నాన్న నోట చాలాసార్లు విన్నాను. క్యాసెట్లు నల్లటి ప్లాస్టిక్ డబ్బాల్లో, నంబరు చీటీలతో, లోపల బీరువాలో ఉండేవి. వాటి కవర్లు మాత్రం బయట, పెళ్ళి ఫొటోలకు వాడే లావాటి ఆల్బములో. వచ్చినవాళ్ళు బెంచీ మీద కూచొని పేజీలు తిప్పి, వేలు పెట్టి "ఇది" అనేవారు. రోజుకు పది రూపాయలు. తార్నాక ఆరాధన టాకీసుకు పోయేవాణ్ణి గోడమీది పోస్టరు పిలిస్తే, మా గల్లీవాణ్ణి ఈ ఆల్బము పిలిచేదన్నమాట. చదువు రానివాళ్ళు కూడా బొమ్మను బట్టి సినిమా అడిగేవారట. "గా పాము బొమ్మది ఇయ్యి బిడ్డా" అంటూ ఒక ముసలమ్మ నెలకు రెండుసార్లు వచ్చేదని నాన్న ఇప్పటికీ చెబుతారు. ఆమెకు ఆ సినిమా పేరు చివరిదాకా తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. మన సినిమా పోస్టరు ఒక షీటు 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడుగు. వి.హెచ్.ఎస్. క్యాసెట్టు ముఖం సుమారు 18.7 సెంటీమీటర్లు, 10.3 సెంటీమీటర్లు. వైశాల్యం చూస్తే పోస్టరులో నలభయ్యో వంతు! రోడ్డు అవతలి వైపు నుంచి సైకిలు మీద పోయేవాడి కోసం వేసిన బొమ్మను, ఒళ్ళో పెట్టుకొని చూసేవాడి కోసం కుదించడమంటే మాటలు కాదు. తెలిసినవాళ్ళు పోస్టరులోని పది మొహాల్లో రెండింటిని ఉంచి, పేరు అక్షరాలు పెద్దవి చేసేవారు. తెలియనివాళ్ళు పోస్టరు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు కుదించి పెట్టేవారు. సంగీత దర్శకుడి పేరు చీమ తలకాయంత ఉండేది. మా ఆల్బములో రెండు రకాలూ ఉన్నాయి, రెండో రకమే ఎక్కువ.

ఆ అక్షరాల సంగతి మనం పెద్దగా పట్టించుకోం గానీ, తెలుగు సినిమా పేరు రాయడం ఒక ప్రత్యేకమైన విద్య. బాపుగారి చేతిరాత చూడగానే ఆయనదని పోల్చుకోని తెలుగువాడు అరుదు. పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్, 1967లో బాపు తీసిన 'సాక్షి'తో పబ్లిసిటీ రంగంలోకి వచ్చి, వందల సినిమాలకు పోస్టర్లు చేసి, చివరకు 'సినిమా పోస్టర్' అని ఆ విద్య మీదనే పుస్తకం రాశారు. 2021లో కన్నుమూశారు. ఇలాంటివాళ్ళు కుంచె పట్టి రాసిన పేర్లు గోడమీద ఎన్నాళ్ళుంటాయి? వాన కొడుతుంది, మేకలు పీకుతాయి, శుక్రవారం రాగానే మరొక పోస్టరు మీద పడుతుంది. క్యాసెట్టు కవరు మీదికి ఎక్కిన అక్షరం మాత్రం ఇంట్లో నిలిచింది. ముద్రణ నాసిరకమే కావచ్చు, రంగులు పక్కకు జరిగి హీరో పెదవికి రెండు అంచులు కనిపించవచ్చు. అయినా రాసినవాడి చెయ్యి కనిపిస్తుంది. వీసీడీల కాలం వచ్చేసరికి చాలా కవర్ల మీద ఆ చేతిరాత పోయి కంప్యూటరు అక్షరాలు వచ్చాయి. ఇంకో వింత కూడా అప్పుడే మొదలైంది. తొలినాళ్ళలో చిన్న వేషం వేసి తర్వాత పెద్ద స్టారైన నటుడి మొహం పాత సినిమా కవరు నిండా పరుచుకునేది. అసలు కథానాయకుడు ఓ మూలకు పోయేవాడు. చరిత్ర తెలియనివాడు కవరు చూసి మోసపోతాడు. తెలిసినవాడికి మాత్రం ఆ డిస్కు ఏ కాలంలో, ఎవరి పేరు అమ్ముడుపోయే రోజుల్లో వేశారో అదే చెబుతుంది.

ఇక వెనక అట్ట. చూపు ఆనని చిన్న అక్షరాలుంటాయి కాబట్టి ఎవరూ చదవరు. నన్నడిగితే అసలు చదవవలసింది అదే.

1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో మన దేశానికి రంగుల టెలివిజన్ వచ్చింది. దాని వెంటే వీడియోలు ఇళ్ళలోకి, వీడియో కోచ్ బస్సుల్లోకి పాకాయి. దొంగ కాపీలూ అంతే వేగంగా పాకాయి. దాన్ని అడ్డుకోవడానికి 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి 52-ఎ అనే సెక్షను చేర్చారు. దాని ప్రకారం వీడియో క్యాసెట్టు తయారు చేసి అమ్మేవాడు, సినిమా నడిచేటప్పుడు తెరమీదా, క్యాసెట్టు మీద లేదా దాని డబ్బా మీదా కొన్ని వివరాలు చూపించి తీరాలి. సెన్సారు సర్టిఫికెట్టు నకలు, క్యాసెట్టు తయారు చేసినవాడి పేరు, చిరునామా, హక్కుదారు నుంచి అనుమతి తీసుకున్నట్టు ప్రకటన, హక్కుదారు పేరు, చిరునామా. చూపకపోతే 68-ఎ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, ఆపై జరిమానా. అంటే సినిమా అట్ట మీద ఏముండాలో పార్లమెంటు నిర్ణయించిందన్నమాట! బొమ్మ వ్యాపారి ఇష్టం, వెనకవైపు చట్టం ఇష్టం. అందరూ పాటించారని చెప్పను గానీ, పాటించిన కవరు ఒక్కటి దొరికినా దస్తావేజు దొరికినట్టే.

ఇప్పుడు నా తప్పు సంగతికి వస్తాను. 2018లో పదో తరగతి పరీక్షలయ్యాక ఇంట్లో అటక సర్దే పని నాకు అప్పగించారు. క్యాసెట్లు అప్పటికే బూజు పట్టి ఉన్నాయి. వీసీఆర్ కూడా పాడైంది. జపాన్‌లో ఫునాయి కంపెనీ 2016లో వీసీఆర్ల తయారీ ఆపేశాక, కొత్త మిషను దొరికే దారీ మూసుకుపోయింది. సరే, వీసీడీలైనా ఉంచుదామనుకున్నాను. సుమారు నూట నలభై సినిమాలు, ఒక్కోదానికీ ఒక ప్లాస్టిక్ డబ్బా. చోటు తినేస్తున్నాయి. డిస్కులన్నీ తీసి జిప్పు సంచుల్లో పెట్టాను. డబ్బాలు, వాటిలోని కాగితాలతో సహా, పాత సామాన్ల బండికి వేశాను. అరవై రూపాయలొచ్చాయి. తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా. సాయంత్రం నాన్న వచ్చి ఖాళీ అటక చూసి, "డబ్బాలేడబోయినయ్ రా?" అన్నారు. చెప్పాను. ఆయన తిట్టలేదు. క్యాసెట్ల కవర్ల ఆల్బము మాత్రం తీసుకుపోయి తన బీరువాలో పెట్టుకున్నారు. ఇంక నా చేతికి చిక్కకుండా అన్నట్టు.

ఏడాది తిరక్కుండానే మొదటి దెబ్బ తగిలింది. సీడీ, వీసీడీల్లో సమాచారం ఉండే పొర డిస్కు అడుగున లేదు. పైన పేరు అచ్చు వేసిన వైపు, పలచటి లక్క కిందనే ఉంటుంది. మెరిసే వైపు గీత పడితే ఎంతో కొంత రుద్ది బాగుచేసుకోవచ్చు. పేరున్న వైపు పొర లేచిందంటే సినిమా లేచిపోయినట్టే. (డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం.) గట్టి డబ్బాలో మధ్యనున్న బొడిపె డిస్కును పట్టి ఉంచి, రెండు వైపులా దేనికీ తగలనివ్వదు. నా సంచుల్లో ఆ కాపలా లేదు. మన మే నెల ఎండకు అటక మీద ప్లాస్టిక్ జేబు మెత్తబడి డిస్కుకు అంటుకుంది. లాగితే పొర ఊడొచ్చింది. అలా పదకొండు పోయాయి. అట్ట అలంకారం కాదు, కవచమని అప్పుడు తెలిసింది.

రెండో దెబ్బ ఇంకా లోతుగా తగిలింది. లాక్‌డౌన్‌లో ఇంట్లో అందరం కూచొని మిగిలిన వీసీడీల్లోంచి ఒక పాత సినిమా వేశాం. రెండో డిస్కు పెట్టగానే నాన్న, "ఇక్కడ ఓ పాట ఉంటుండె గదా" అన్నారు. అమ్మ లేదంది. ఆయన ఉందన్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం? వీసీడీ కవరు బండికి పోయింది. నాన్న లేచి బీరువా తెరిచి ఆల్బములో అదే సినిమా క్యాసెట్టు కవరు తీశారు. వెనక సెన్సారు సర్టిఫికెట్టు నకలు, గోరంత అక్షరాల్లో. భూతద్దం పెట్టి చూస్తే నిడివి 4,312 మీటర్లు అని ఉంది.

35 ఎం.ఎం. ఫిలిం సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, అంటే సుమారు 27.4 మీటర్లు. భాగిస్తే 157 నిమిషాలు. మా రెండు డిస్కులూ కలిపితే 137. ఇరవై నిమిషాల సినిమా మింగేశారని నేను ఎగిరాను. తొందరపడ్డానని తర్వాత తేలింది. మన టీవీ పద్ధతి పాల్. సెకనుకు 25 ఫ్రేములు. 24తో తీసిన సినిమాను 25తో నడిపితే నూటికి నాలుగు వంతులు త్వరగా అయిపోతుంది. ఆ లెక్కన మొత్తం సినిమా వీడియోలో 151 నిమిషాలుండాలి. అసలు పోయింది పద్నాలుగు నిమిషాలు. ఎందుకు పోయిందో ఊహించడం కష్టం కాదు. ఒక వీసీడీలో మామూలుగా పట్టేది 74 నిమిషాలు, రెండిట్లో 148. మూడో డిస్కు వెయ్యాలంటే ఖర్చు. కాబట్టి ఒక పాటకూ, బహుశా ఒక హాస్యఘట్టానికీ కత్తెర పడింది. నాన్న మాటే నిజమైంది. అమ్మ మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

మిగతా వీసీడీల్లో ఇలా ఎన్ని తెగాయో! క్యాసెట్టు కవరు ఉన్నవాటికి లెక్క వేశాను. వీసీడీగా మాత్రమే మా ఇంటికొచ్చినవి అరవైకి పైగా ఉన్నాయి. వాటి కాగితాలు నేను అమ్మేశాను. ఇంటర్‌నెట్‌లో చూడవచ్చు గదా అని మిత్రులంటారు. చూశాను. చాలాచోట్ల ఆ కుదించిన వీసీడీ నిడివే అసలు నిడివిగా రాసి ఉంది!

కాగితానికి ఇంత విలువ ఇవ్వడం పిచ్చిలా అనిపిస్తే మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' సంగతి గుర్తు తెచ్చుకోండి. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా ప్రింటు ఈనాడు లేదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నాం, ఉత్సవాలూ జరుపుకున్నాం. పాత్రికేయులు రెంటాల జయదేవ సెన్సారు వివరాలూ, నాటి పత్రికల ప్రకటనలూ తవ్వి తీసి, అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని నిరూపించారు. సినిమా పోయినా దాని చుట్టూ ఉన్న కాగితం సాక్ష్యం చెప్పింది. హాల్లో అమ్మిన పాటల పుస్తకాలూ ఈ జాతివే. కథ సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఊరించే ఆ సన్నటి పుస్తకాలు, పోయిన సినిమాల పాటలకు కొన్నిసార్లు ఏకైక ఆధారం. పూనాలో 1964లో స్థాపించిన జాతీయ ఫిలిం ఆర్కైవు రీళ్ళతో పాటు పోస్టర్లనూ, పాటల పుస్తకాలనూ ఊరికే దాచిపెట్టలేదు.

ఇతర దేశాల్లోనూ అట్ట తక్కువది కాదు. ఇంగ్లండులో 1982లో 'ది డ్రిల్లర్ కిల్లర్' అనే క్యాసెట్టు అట్టబొమ్మను ప్రకటనగా వేస్తే జనం గగ్గోలు పెట్టారు. సినిమా చూసి కాదు, అట్ట చూసి! ఆ గొడవ పెరిగి పెరిగి 1984లో అక్కడ వీడియోలకు ప్రత్యేక చట్టమే వచ్చింది. అదే 1984లో అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 'సిటిజన్ కేన్' లేజర్ డిస్కుతో మొదలైంది. తర్వాత డీవీడీలకు కొత్తగా బొమ్మలు వేయించి, వెన్ను మీద వరస నంబరు వేసి, లోపల వ్యాసాల పుస్తకం పెట్టి, అట్టనే సంగ్రహకర్త కొనే వస్తువుగా మార్చింది. మన దగ్గర 2006-07 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకూ, డీవీడీ 34 రూపాయలకూ తెచ్చి బజారును ముంచెత్తింది. దొంగ కాపీ ధరకే అసలు కాపీ దొరకడం మంచిదే, నేను కాదనను. అయితే అంత చవక వస్తువును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? చూసి పారేసే అలవాటు అక్కడే బలపడిందని నా అనుమానం. ఆ కంపెనీ కూడా 2018లో దివాలా ప్రక్రియలో మూతపడింది.

ఇప్పుడు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య, ఒక్కోసారి గురువారం జుమ్మేరాత్ బజారులో వెతుకుతుంటాను. డిస్కు లేని ఖాళీ డబ్బాలు ఐదుకూ పదికీ ఇస్తారు. మొదట్లో అమ్మేవాళ్ళు నన్ను వింతగా చూసేవారు; ఇప్పుడు ఒకాయన నాకోసం వేరే గోనెసంచిలో దాచి పెడుతున్నాడు. నేను పోగొట్టిన అరవై చిల్లరలో పందొమ్మిదింటి కాగితాలు ఇంతవరకూ దొరికాయి. ఇంటికి తెచ్చినప్పుడల్లా నాన్న కళ్ళజోడు పెట్టుకొని ముందు వెన్ను చదువుతారు, తర్వాత వెనక్కి తిప్పి భూతద్దం అడుగుతారు. మొన్న తెచ్చినదానిలో సర్టిఫికెట్టు అడుగున ఒక మూల చెమ్మకు చెదిరిపోయింది. నిడివిలో మొదటి రెండంకెలే కనబడుతున్నాయి, 41. తర్వాతి రెండూ ఏమై ఉంటాయోనని ఇద్దరం దీపం కింద పెట్టి చాలాసేపు చూశాం.