పచ్చిమాంసమా, ప్యాకెట్ మేతా?

పెంపుడు జంతువుల ఆరోగ్యం: పశువైద్యుని సమాధానాలు

ప్రశ్న: మాది మాచర్ల దగ్గర ఎత్తిపోతల. మా అబ్బాయి, కోడలు అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటారు. చూడ్డానికి ముంగిసల్లా ఉండే ఫెర్రెట్లు రెండింటిని ఇంట్లో పెంచుతున్నారు. ఇన్నాళ్లూ గింజల్లాంటి ప్యాకెట్ మేత పెట్టేవాళ్లు. దాంట్లో పిండి ఎక్కువ, పచ్చి కోడిమాంసమే మంచిదని ఎవరో చెబితే మావాడు ఒక్కరోజులో మార్చేశాడు. నిన్నటి నుంచి ఒకటి అసలు ముట్టడం లేదు. ‘మన ఎత్తిపోతల మొసళ్లు పచ్చివి తిని బతకడం లేదా అమ్మా’ అంటాడు. కోడలికి ఇప్పుడు ఐదో నెల. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తిననిదాని సంగతి పత్రిక అచ్చయ్యేదాకా ఆగేది కాదు కాబట్టి మీకు ముందే కబురు చేశాను. మిగతా పాఠకుల కోసం మళ్లీ చెబుతున్నాను. ఫెర్రెట్ పేగు చాలా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. అందుకే అది రోజుకు ఎన్నోసార్లు కొంచెం కొంచెంగా తింటుంది. ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అన్న మాట దీని విషయంలో చెల్లదు. పూటంతా పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చొంగ కార్చడం, ముందు కాళ్లతో మూతి గీరుకోవడం, వెనక కాళ్లు తూలడం దాని గుర్తులు. పాత మేత వెంటనే గిన్నెలో పెట్టాలి. అదీ తినకపోయినా, ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే అక్కడి వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అది ఎందుకు ముట్టలేదంటే, ఫెర్రెట్ పిల్లగా ఉన్నప్పుడు, అంటే మొదటి ఆరు నెలల్లో ఏది తిన్నదో దాన్నే తిండి అనుకుంటుంది. పెద్దయ్యాక పచ్చిమాంసం ముందు పెడితే అది తినే వస్తువని దానికి తట్టదు. మొండితనం కాదు. మార్చాలనుకుంటే కోడి ఉడికించిన నీళ్లు గోరువెచ్చగా పాత మేత మీద చల్లడంతో మొదలుపెట్టాలి. తర్వాత చిటికెడు మాంసం కలపాలి, కొన్ని వారాల మీద పాళ్లు పెంచాలి. వారానికోసారి వంటింటి కాటా మీద తూకం చూడాలి. మగది కిలో నుంచి రెండు కిలోలు, ఆడది అందులో సగం దాకా ఉండే జంతువు. వంద గ్రాములు తగ్గినా లెక్కలోకి వస్తుంది.

మీ అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు. ఫెర్రెట్ ముంగిస జాతి కాదు, మన కృష్ణలో తిరిగే నీటికుక్కకు బంధువు. మాంసం తప్ప వేరే తిండికి దాని ఒళ్లు తయారై లేదు. పీచు, పిండి దానికి సరిగా అరగవు. ప్రొటీన్ నూటికి 35 పాళ్లకు, కొవ్వు 18 పాళ్లకు తగ్గని మేత కావాలి, ఆ ప్రొటీన్ కూడా మాంసం నుంచి రావాలి. నడివయసు ఫెర్రెట్లకు క్లోమంలో ఇన్సులిన్ వదిలే కణుతులు ఎక్కువగా వస్తాయి. మేతలోని పిండి వల్లేనని చాలామంది అనుమానం, అది ఇంకా రుజువు కాలేదు. కాబట్టి ప్యాకెట్ మీద మొదటి పదార్థం మొక్కజొన్నో బఠాణీయో అయితే ఆ ప్యాకెట్ మార్చమనండి. దానికి పరిష్కారం పచ్చి కోడి ఒక్కటే కాదు.

ఇక మొసళ్ల వాదన. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక వాగు నీళ్లలో మొసలి చేపను పట్టిందంటే ముల్లు, తల, పేగులు, కార్జం అన్నీ కలిపి మింగుతుంది. దాని కడుపులో ఆమ్లం ఎముకను కూడా కరిగిస్తుంది. మనవాళ్లు పెట్టేది ఏమిటి? కొట్టులో తోలు తీసి, ఎముక తీసి ఇచ్చిన మెత్తటి కండ. కండలో భాస్వరం మెండు, కాల్షియం దాదాపు లేదు. నెలల తరబడి అదొక్కటే పెడితే ఒళ్లు కాల్షియం కోసం ఎముకల్ని కరిగించుకుంటుంది. పిల్లల వయసులో అయితే కాళ్లు వంకర పోతాయి, కొంచెం దూకినా విరుగుతాయి. మాంసాహారి తినేది కండను కాదు, జంతువును. ఇంటి మేత మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. మార్చిలో మన పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఆ జబ్బుతోనే మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పచ్చి కోడి ముక్క తిన్నదని అప్పట్లో వార్తలు వచ్చాయి. అమెరికాలో 2024 డిసెంబరులో ఓరెగాన్ రాష్ట్రంలో పచ్చిమాంసపు ప్యాకెట్ మేత తిన్న పిల్లి ఇదే వైరస్‌తో చనిపోయింది. ఫెర్రెట్లకు మనుషుల ఫ్లూ కూడా ఇట్టే అంటుతుంది, అందుకే ఫ్లూ పరిశోధనల్లో వాటినే వాడతారు. ఫ్రీజర్లో పెడితే క్రిములు చస్తాయని ధీమాగా ఉండేవాళ్లకు చెబుతున్నాను: గడ్డ కడితే ఈ వైరస్ చావదు, సాల్మొనెల్లా చావదు. బాగా ఉడికితేనే చస్తాయి.

కోడలు గర్భంతో ఉన్న ఇంట్లో పచ్చిమాంసం గిన్నె వద్దు. ఫెర్రెట్లు తిండిని తీసుకెళ్లి సోఫా కిందా, దిండ్ల వెనకా దాచుకుంటాయి. ఆ ముక్క ఎక్కడ కుళ్లుతుందో ఎవరికీ తెలియదు. సాల్మొనెల్లా, లిస్టీరియా, టాక్సోప్లాస్మా మూడూ గర్భిణికి కీడు చేసేవే. బిడ్డ పుట్టి కాస్త పెద్దయ్యేదాకా మంచి ప్యాకెట్ మేతే ఉంచి, పక్కన ఉడికించిన మాంసం కొద్దిగా పెట్టమనండి. మాంసం, గుండెకాయ కలిపి కొద్ది నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లతోనే మెదపాలి. కార్జం ఇరవయ్యో వంతు చాలు, అంతకు మించితే విటమిన్ ఎ ఎక్కువై అదొక జబ్బు. ఎముక లేని కిలో మాంసానికి మెత్తగా దంచిన గుడ్డుపెంకు పొడి ఒక చెంచా. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. పూర్తిగా ఇంటి మేతే పెట్టాలంటే మాత్రం ఫెర్రెట్లను చూసే డాక్టరు చేత లెక్క రాయించుకోవాలి. నేను రాసిన ఈ కొలతలు అందుకు చాలవు.

ప్రశ్న: ఎత్తిపోతల జలపాతం దగ్గర మాకు టీ కొట్టు ఉంది. ఒక పిల్లి చేరింది, మూడు పిల్లలు పెట్టింది. మాచర్లలో చికెన్ కొట్టతను తలలు, కాళ్లు, పేగులు ఊరికే ఇస్తానంటున్నాడు. పచ్చివే వేయవచ్చా?

జవాబు: పై జవాబు చదివారు కదా, ఉడికించండి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు బర్డ్ ఫ్లూ సోకింది. పేగులు అసలు తేవద్దు. కందనకాయ, గుండెకాయ, మెడ తెచ్చుకోండి. ఉడికిన ఎముక సూదిలా చీలి పేగుకు గుచ్చుకుంటుంది కాబట్టి మెడ ముక్కల్ని ప్రెషర్ కుక్కర్లో పిండిపిండి అయ్యేదాకా ఉడికించాలి. ఉడికిన నీళ్లు పారబోయకండి. పిల్లికి తప్పనిసరైన టారిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. టారిన్ చాలకపోతే పిల్లి గుండె ఉబ్బి నీరసిస్తుందని 1987లో అమెరికా వైద్యులు తేల్చారు. బిస్కెట్లు, పాలు పెట్టి పెంచుతున్నామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తల్లికి, పిల్లలకు నట్టల మందు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించండి. పర్యాటకుల పిల్లలు ఎత్తుకుని ఆడుకునే పిల్లులు అవి.

ప్రశ్న: పొలం గట్టున ముంగిస పిల్ల దొరికింది. ఫెర్రెట్‌లా పెంచుకోవచ్చా? ఏం పెట్టాలి?

జవాబు: పెంచకూడదు. ఫెర్రెట్ వేల ఏళ్లుగా మనిషి పెంచిన జంతువు, అయినా కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో దాన్నీ పెంచనివ్వరు. ముంగిస అడవి జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. దెబ్బ తగలకపోతే దొరికిన చోటే వదలండి, తల్లి వెతుక్కుంటుంది. దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖ వాళ్లకు అప్పగించండి. చేతిలోకి తీసుకున్నప్పుడు కరిచి ఉంటే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి.