విరాళం అడిగే ముందు లెక్క చెప్పండి

పార్కిన్సన్స్ ఉన్నవారికి అండగా నిలిచే చిన్న సంస్థలో నిధుల సేకరణ బాధ్యత మీ మీద పడిందా? మీకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇది. గుండె ఆపరేషన్‌కని అడిగితే జనం వెంటనే ఇస్తారు; ఆపరేషన్ అవుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. పార్కిన్సన్స్‌లో అలాంటి ముగింపు ఉండదు. మందులు లక్షణాలను అదుపులో ఉంచుతాయి తప్ప జబ్బును నయం చేయవు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఏళ్ల తరబడి సాగాలి. కాబట్టి ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా వచ్చే 500 రూపాయలే మీ సంస్థను నిలబెడతాయి.

ఖర్చు చెప్పి అడగండి

"తోచినంత ఇవ్వండి" అంటే తోచినంతే వస్తుంది. మీ ఊళ్లో ఫిజియోథెరపిస్టు ఇంటికొస్తే 500 తీసుకుంటారనుకుందాం. వారానికి రెండుసార్లంటే నెలకు 4,000. ఎనిమిది మంది తలా 500 ఇస్తే ఒకరికి వ్యాయామం ఆగకుండా సాగుతుంది. దాత ముందు ఈ లెక్కే పెట్టండి. ఆఫీసు అద్దె, ఆడిటర్ ఫీజు కూడా దాచకుండా చెప్పండి. నెలనెలా ఇస్తానన్నవారికి అక్కడికక్కడే యూపీఐ ఆటోపే పెట్టించండి. రేపు చూద్దామంటే ఆ రేపు రాదు.

ఎవరిని అడగాలి?

ముందుగా మీ ఊరి వాకర్స్ అసోసియేషన్‌ను కలవండి. అక్కడ రిటైరైనవారే ఎక్కువ. ఈ జబ్బు తమ ఈడువాళ్లలో ఎవరికో వచ్చిందని వారికి తెలిసే ఉంటుంది. ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం. 1817లో ఈ జబ్బును వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పుట్టినరోజది. ఆ రోజు వాకర్స్‌తో కలిసి నడక పెట్టుకుంటే ఎండ ముదరకముందే, ఆరింటికల్లా మొదలుపెట్టండి.

షష్టిపూర్తికి, తల్లిదండ్రుల వర్ధంతికి అన్నదానం చేయించే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. అదే తేదీన ఒకరి నెల ఫిజియోథెరపీ ఖర్చు భరిస్తారేమో అడగండి. ఆ తేదీ ఏటా వస్తుంది, మీరూ ఏటా గుర్తుచేయొచ్చు.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు కావాలంటే ఆదాయపన్ను శాఖలో 12ఏ, 80జి నమోదులు, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదుతో పాటు ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం చూపించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యాల జాబితాలో చేర్చిందన్న సంగతి దరఖాస్తులో తప్పక రాయండి. మందుల కంపెనీ డబ్బిస్తానంటే, దాని మందుకు మీరు ప్రచారం చేయబోరని ముందే రాతపూర్వకంగా చెప్పండి.

మనిషి మర్యాద ముఖ్యం

వణుకుతున్న చేతుల వీడియో తీసి జాలి పుట్టించొద్దు. ఫొటోకు, పేరుకు సమ్మతి రాతలో తీసుకోండి. దాతల ముందు మాట్లాడటానికి ఎవరైనా ఒప్పుకుంటే, వారి మందు బాగా పనిచేసే వేళ అడిగి ఆ వేళకే సభ పెట్టండి. ఈ జబ్బులో గొంతు తగ్గిపోతుంది కాబట్టి మైకు దగ్గరగా ఉంచండి. ముఖంలో భావం పలకకపోతే ఆసక్తి లేదనుకోవద్దని దాతలకు ముందే చెప్పండి.

విదేశీ డబ్బుతో జాగ్రత్త

అమెరికాలో ఉన్న మనవాళ్లు సాయం చేస్తామంటే ముందు ఏ పాస్‌పోర్టో అడగండి. భారత పౌరులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అయినా పాస్‌పోర్టు కాపీ దగ్గర ఉంచుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. అనుమతి ఉన్నా ఆ డబ్బు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి.

రశీదు, పన్ను

2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జి పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు అసలే రాదు. "పన్ను మిగులుతుంది" అని అందరికీ ఒకేలా చెప్పి తర్వాత మాట పడొద్దు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టంతో 12ఏ, 80జి సహా సెక్షన్ల నంబర్లు మారాయి. రశీదు పుస్తకం అచ్చు వేయించే ముందు ఆడిటర్‌కు చూపించండి.

ఇచ్చాక

రశీదు అదే రోజు వెళ్లాలి. మూడు నెలలకోసారి వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు పంపండి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంతమందికి అందింది, ఏ పని ఆగింది. ఆగిన పని చెప్పడానికి మొహమాటపడకండి. మళ్లీ అడగడానికి దారి అక్కడే ఉంది. ఎవరైనా ఇవ్వడం మానేస్తే ఫోన్ చేసి కారణం కనుక్కోండి, డబ్బు మాత్రం ఆ ఫోన్‌లో అడగొద్దు.

కొత్త దాతల వేటకు వెళ్లే ముందు పాతవారి జాబితా తీయండి. మీ నుంచి లెక్క అంది మూడు నెలలు దాటినవారు ఎవరెవరో చూసి, ఈ వారం ముందు వారికి రాయండి.