అనేక సంఘములు – ఒక్క కాపరి

పాఠ్యభాగములు: నిర్గమకాండము 18:13–26, అపొస్తలుల కార్యములు 20:17–35, తీతు 1:5, 1 పేతురు 5:1–4
(సంఘ పెద్దల కూటములలో చదివి ధ్యానించుటకు)



పట్టణములో ఒక దేవాలయమునకు ఒక కాపరి యుండుట సామాన్యము. మన పల్లెల సంగతి వేరు. పాలకీడు చుట్టుప్రక్కల నాకు అప్పగింపబడిన సంఘములు ఏడు. ఒక ఊరిలో ప్రొద్దుటనే ఆరాధన, మరియొక ఊరిలో పదిగంటలకు, ఇంకొక ఊరిలో నాట్లకు పోయినవారు ఇండ్లకు చేరి కాళ్లు కడుగుకొనిన తరువాత దీపాలవేళ ఆరాధన. ఆదివారము ఏడూళ్లు తిరుగుట ఎవరికిని సాధ్యము కాదు. నేడు చేతిలో ఫోనున్నది, ఎక్కుటకు మోటారు సైకిలున్నది. అయినను ఒక మనుష్యుడు ఒక గడియలో ఒక్క ఊరిలోనే యుండగలడు.

కాబట్టి అనేక సంఘములకు పెద్దగా నియమింపబడిన కాపరి అసలు పని యేమి? అన్ని ఊళ్ల పని తానొక్కడే చేయుటయా? దీనిని లేఖనముల వెలుగులో ఆలోచింతము.

1. మోషే నేర్చుకొనిన పాఠము

మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు కూర్చుండి జనులకు న్యాయము తీర్చుచుండెను. జనులు వరుసగా నిలువబడి కనిపెట్టుచుండిరి. చూచువారికి అది గొప్ప సేవవలె కనబడును. కాని అతని మామయైన యిత్రో దానిని మెచ్చుకొనలేదు. ఈ పద్ధతి మంచిది కాదు, నీవును నలిగిపోవుదువు, నీ జనులును నలిగిపోవుదురు అని హెచ్చరించెను. ఇక్కడ రెండవ మాటను గమనించుడి. కాపరి అలసిపోవుట అందరికి తెలియును. అతని కొరకు కనిపెట్టి కనిపెట్టి సంఘము అలసిపోవుట మనకు తెలియదు.

యిత్రో చెప్పిన ఉపాయము ఏమనగా, దేవునికి భయపడి, లంచము నసహ్యించుకొను నమ్మకమైన మనుష్యులను ఏర్పరచి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలుగా నియమించుట. మోషేకు మిగిలిన పని మూడు విధములు: జనుల పక్షముగా దేవుని సన్నిధిని నిలుచుట, దేవుని మార్గమును వారికి బోధించుట, కఠినమైన వ్యాజ్యెములను విచారించుట. మోషే స్థానము తగ్గలేదు. పనియే సరియైన చోటికి చేరెను.

2. అపొస్తలుల పద్ధతి

పౌలును బర్నబాయు లుస్త్ర, ఈకొనియ, అంతియొకయ పట్టణములకు తిరిగి వెళ్లి ప్రతి సంఘములోను పెద్దల నేర్పరచి, ప్రార్థనతోను ఉపవాసముతోను వారిని ప్రభువునకు అప్పగించిరి (అపొ. కార్య. 14:23). పౌలు తీతును క్రేతులో విడిచి వచ్చినదియు అందుకే: పట్టణము పట్టణమునకు పెద్దలను నియమించుటకు. తీతు ఒక్కడే ద్వీపమంతటికి కాపరియై తిరుగవలెనని కాదు.

ఎఫెసులో మూడు సంవత్సరములు కన్నీటితో రాత్రింబవళ్లు బుద్ధి చెప్పిన పౌలు, మిలేతునకు ఆ సంఘపు పెద్దలను పిలిపించుకొని, మందను వారి చేతికి అప్పగించెను. ఇక నా ముఖము చూడరని చెప్పి వెళ్లిపోయెను. తాను లేనప్పుడు నిలువగల సంఘమును కట్టుటయే పౌలు చేసిన పని.

3. మన తెలుగు సంఘముల సాక్ష్యము

1866వ సంవత్సరమున ఒంగోలు ప్రాంతములో యెర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వర్తకుడు బాప్తిస్మము పొందెను. ఆయన సువార్తను తనవారికి తానే ప్రకటించెను. మరుసటి సంవత్సరము జనవరి 1వ తేదీన క్లౌ దొరగారు ఒంగోలులో సంఘమును స్థాపించినప్పుడు సభ్యులు ఎనిమిదిమందియే. పిమ్మట ధాత కరవు వచ్చెను. ఆ కరవు తరువాత 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. కాని నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు బోధకులు, వంతులవారీగా ఇద్దరిద్దరు చొప్పున, అను సంగతిని మరచిపోవుదుము. పేరు నాయకునిది వినబడెను, చేతులు అనేకులవి.

మరియొక సాక్ష్యము దోర్నకలు నుండి. వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో అప్పటి నిజాము రాష్ట్రములోని దోర్నకలునకు మిషనెరీగా వచ్చి, 1912 డిశంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. ఎడ్లబండిమీద పల్లెపల్లెకు తిరిగిన ఆయన, అంతటి పనిని తానును కొందరు గురువులును మాత్రమే చేయగలమని తలంచలేదు. బాప్తిస్మము పొందిన వారిచేత తలమీద చేయి పెట్టించి, సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ అను పౌలు భావమును (1 కొరింథీ 9:16) పలికించుచుండెడివారు. కూలివాడైనను, చదువురాని అవ్వయైనను, ప్రతి విశ్వాసియు పనివాడే అని దాని అర్థము. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.

4. నా తప్పిదము

బోధించుట సులభము. నేను దీనిని ఎట్లు నేర్చుకొంటినో దాచక చెప్పెదను.

సెమినెరీ నుండి వచ్చిన క్రొత్తలో ప్రతి పనియు నా చేతులమీదుగానే జరుగవలెనని తలంచితిని. రోగికి ప్రార్థన నేనే చేయవలెను. కానుక సంచి నేనే విప్పవలెను. మందిరపు తాళపుచెవి కూడ నా యొద్దనే. ప్రజలు “మా అయ్యగారు ఎంత కష్టపడుచున్నారు!” అనుచుండిరి. ఆ మాట నాకు తియ్యగా నుండెను.

ఒక వానకాలమున ఒక చిన్న పల్లెలో ఒక ముసలి అవ్వకు జబ్బు ఎక్కువై నాకు కబురు పంపిరి. నేను వేరొక ఊరిలో గట్టు తగవు తీర్చుచుంటిని. రాత్రి వాగు పొంగెను. మరునాడు మధ్యాహ్నమునకు నేను చేరునప్పటికి అవ్వ తెల్లవారుజామునే కన్ను మూసియుండెను. రాత్రియంతయు ఆమె ఒక కీర్తన చదివి ప్రార్థన చేయుమని అడుగుచుండెనట. ఆ ఇంటి గూటిలో బైబిలున్నది. చదువగల సంఘపెద్ద ఆమె మంచము ప్రక్కనే కూర్చుండియుండెను.

“పెద్దయ్యా, నీవైనను చదువకపోతివా?” అని అడిగితిని.

ఆయన తల వంచుకొని, “మీరు లేకుండ మేము చేయవచ్చునని మాకెవ్వరు చెప్పినారు అయ్యగారూ?” అనెను.

నాకు జవాబు లేకపోయెను. వాగు అడ్డము వచ్చినదని నేను చెప్పుకొనవచ్చును. కాని అవ్వకును దేవుని వాక్యమునకును మధ్య అడ్డముగా నిలిచినది వాగు కాదు, నేను.

ఆ నెలలోనే ప్రతి ఊరిలో ఇద్దరిని, వీలైనచోట ఒక పురుషుని, ఒక స్త్రీని, సంఘమే ఏర్పరచుకొనునట్లు చేసితిమి. నెలకొక శనివారము వారందరు పాలకీడులో కూడుకొందురు. రాబోవు ఆదివారముల పాఠములు కలిసి చదువుదుము. రోగియొద్ద ఏ కీర్తన చదువవలెనో, భూస్థాపన క్రమమును ఎట్లు నడుపవలెనో నేర్చుకొందుము.

రెండేండ్ల తరువాత అదే పల్లెలో ఒక సహోదరుడు రాత్రివేళ మృతి చెందెను. నేను వెళ్లునప్పటికి ఆ పెద్దయ్యయే వాక్యము చదివి, ప్రార్థించి, ఇంటివారిని ఓదార్చియుండెను. నాకు చేయుటకు పని మిగులలేదు. నిజము చెప్పవలెనంటే, ఒక నిమిషము నా మనస్సు చిన్నబోయెను. ఆ చిన్నబోవుటయే నా పాత రోగమని గ్రహించి, ఆ సమాధియొద్దనే దేవుని స్తుతించితిని.

5. అయితే ప్రధాన కాపరి చేయవలసినదేమి?

మొదటిది, నేర్పుట. తాను చేయగల ప్రతి పనిని మరి యిద్దరికి నేర్పవలెను. సంస్కారముల విషయములో ఆయా సంఘముల క్రమమును గైకొనవలసినదే. కాని వాక్యము చదువుటకును, ప్రార్థించుటకును, పరామర్శించుటకును ఎవరి సెలవును అక్కరలేదు.

రెండవది, పక్షపాతము లేకుండుట. కానుక ఎక్కువ వచ్చు ఊరికి క్రిస్మసు ఉదయారాధన ప్రతి యేడును ఇచ్చి, పది యిండ్ల పల్లెకు మిగిలిన వేళ ఇచ్చుట యాకోబు పత్రిక 2వ అధ్యాయము గద్దించిన పాపమే. వంతు పెట్టుడి, చిన్న పల్లెతో మొదలుపెట్టుడి.

మూడవది, ధనము విషయములో వెలుగు. పౌలు యెరూషలేము పరిశుద్ధుల చందాను ఒంటరిగా మోయలేదు. నిందకు తావు లేకుండ సంఘములు ఏర్పరచిన వారిని వెంట తీసికొని వెళ్లెను (2 కొరింథీ 8:18–21). ప్రతి ఊరి కానుకను ఆ ఊరి యిద్దరి యెదుట లెక్కించి పుస్తకములో వ్రాయవలెను.

నాలుగవది, ఒకటిగా నుంచుట. ఒక పల్లె కష్టము మరియొక పల్లె ప్రార్థనలోనికి రావలెను. ఈ వార్తను మోసికొని పోవువాడు కాపరి.

ఐదవది, ప్రభుత్వము చేయకుండుట. పేతురు తన్ను తాను తోటి పెద్ద అని పిలుచుకొని, ప్రధాన కాపరి అను పేరును క్రీస్తునకే ఇచ్చెను.

సంఘస్థులారా, మీకును ఒక మాట. మీ ఊరి పెద్ద ప్రార్థించునప్పుడు “అయ్యగారు రాలేదే” అని చులకన చేయకుడి. వచ్చిన సేవకుని కొలుచునట్లు కాక, వచ్చిన ప్రార్థనను ఆలకించు దేవుని నమ్ముడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. కాపరి రెండు నెలలు మంచమున పడిన యెడల మన ఊరిలో ఏ పని ఆగిపోవును? దానిని ఎవరు నేర్చుకొనవలెను?
2. మన ఊరిలో ఈ రాత్రి ఒక రోగి వాక్యము వినగోరిన యెడల ఎవరిని పిలుతుము?
3. మన కాపరి పరిధిలోని చిన్న పల్లె ఏది? దాని కొరకు మన సంఘము ఈ నెలలో ఏమి చేయగలదు?

మన పరిచర్యను మనము వెళ్లిన ఊళ్ల లెక్కతో కొలువరాదు. మనము వెళ్లలేకపోయిన ఊరిలో ఆదివారము దీపము వెలిగినదా, వాక్యము చదువబడినదా అని అడుగవలెను. ఆ ఊరిలోను ప్రభువు ముందుగానే యున్నాడు. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.