పేడ గ్యాసు – కార్బన్ క్రెడిట్ – లెక్కలోని న్యాయము

"గోబర్" అను మాట ఉర్దూ, హిందీ భాషలది. "గ్యాసు" ఆంగ్లము. రెండును కలిసి "గోబర్ గ్యాసు" అయి తెలుగు పల్లెలలో స్థిరపడినవి. మా కళాశాలలో ఉర్దూ మాధ్యమపు మిత్రులకు గాని, తెలుగు మాధ్యమపు మిత్రులకు గాని ఈ పేరును విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఈ గ్యాసు పేరిట నేడు ప్రపంచ విపణిలో "కార్బన్ క్రెడిట్" అను కొత్త సరుకు క్రయవిక్రయములకు వచ్చినది. ఆ సరుకును తూచు తక్కెడ ఎట్టిది? ఇందుకూరుపేట మండలములోని పాడి రైతుకు దానితో నిమిత్తమేమి? ఈ విషయమునే ఈ వ్యాసమున పరిశీలింప సంకల్పించితిమి.

పూర్వ వృత్తాంతము

పశువుల పేడను నీటితో కలిపి గాలి చొరని తొట్టిలో నిలువ ఉంచినచో సూక్ష్మజీవులు దానిని కుళ్ళబెట్టును. అప్పుడు వెలువడు వాయువులో నూటికి 55 నుండి 65 వంతులు మీథేను. మిగిలినది ప్రధానముగా బొగ్గుపులుసు వాయువు. జష్‌భాయి పటేల్ 1950వ దశకమున తేలు డ్రమ్ము గల నమూనాను రూపొందించిరి. 1960వ దశకారంభము నుండి ఖాదీ గ్రామోద్యోగ సంఘము దానిని వ్యాప్తి చేసినది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకము ఆరంభమైనది. 1984లో ఇటుకలతో కట్టు "దీనబంధు" నమూనా వచ్చినది.

ఆనాడు ఈ ప్లాంటు వలన ఆశించిన లాభములు మూడు: పొగలేని వంట, కట్టెల పొదుపు, పొలమునకు చక్కని ఎరువు. నాల్గవ లాభము తరువాత తెలిసివచ్చినది. నూరేండ్ల కాలమును ప్రమాణముగా తీసికొన్నచో, మీథేను బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు అధికముగా భూమిని వేడెక్కించును. గాలిలో కలియవలసిన మీథేనును పట్టి మండించినచో ఆ కీడు తప్పును. అట్లు తప్పించిన ప్రతి టన్నుకు ఇచ్చు ధ్రువపత్రమే కార్బన్ క్రెడిట్.

అసలు చిక్కు

తప్పించిన కీడును కొలుచుట ఎట్లు? కంటికి కనిపించు వస్తువును తూచవచ్చును. జరుగక పోయిన దానిని తూచుట కష్టము. కావున "ఈ ప్లాంటు లేనిచో ఆ పేడ ఏమగును?" అను ప్రశ్నకు ముందుగా సమాధానము కావలెను.

ఒక ఉదాహరణము తీసికొందము. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు దినమునకు 50 కిలోల పేడ కావలెను. నాలుగైదు గేదెలున్న ఇంట అది లభించును. అందుండి వచ్చు మీథేను, స్థూలముగా, దినమునకు 0.8 కిలో, ఏడాదికి సుమారు 290 కిలోలు. ఇదంతయు గాలిలో కలిసినచో ఎనిమిది టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానము.

కాని అదంతయు కలియునా? వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘము 2006లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, వేడి ప్రాంతములలో పేడను నీటి గుంటలలో నిలువ చేసినచో, రాదగిన మీథేనులో నూటికి 80 వంతులు వెలువడును. దిబ్బగా పోసినచో 5 వంతులు మాత్రమే. అనగా అదే పేడకు గుంట లెక్కలో ఆరు టన్నులకు పైగా, దిబ్బ లెక్కలో అర టన్నుకు లోపుగా క్రెడిట్ వచ్చును. పేడ ఒకటే, గేదెలు అవియే. తేడా మాత్రము పదహారు రెట్లు!

పెన్నా డెల్టాలోని ఇందుకూరుపేట పరిసరములలో మేము చూచిన ఇండ్లలో పేడ దిబ్బకెక్కును, లేదా పిడక అగును. గుంటలలో నిలువ చేయు ఆచారము మాకు కానరాలేదు. కావున గుంట లెక్కను ఇచ్చటికి తెచ్చుట అన్యాయము. అంతేకాదు, కట్టిన ప్లాంటు పగిలి నూటికి పది వంతుల గ్యాసు కారినచో, దిబ్బ నుండి వెలువడు దానికి రెట్టింపు మీథేను గాలిలో కలియును. మేలు చేయబోయి కీడు చేసినట్లగును.

రెండు అనుభవములు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పెద్ద డెయిరీలు పేడను నీటితో కడిగి గుంటలలో నింపును. ఆ గుంటలను కప్పి తీసిన గ్యాసును వాహన ఇంధనముగా అమ్మినచో, తప్పించిన మీథేనును గూడ కలిపి క్రెడిట్లు ఇచ్చుచున్నారు. దీనితో ఆ ఇంధనపు కాలుష్య సూచిక సున్నకంటె దిగువకు పోయినది! ఇది మందలను పెంచుటకు బహుమతి వంటిదని విమర్శించుచు కొన్ని సంస్థలు 2021లో వినతిపత్రము సమర్పించినవి. 2022 జనవరిలో అది తిరస్కరింపబడినది. అయినను 2024 నవంబరులో ఆమోదించిన సవరణలలో, 2029 తరువాత మొదలగు ప్లాంట్లకు ఈ మీథేను లెక్కను క్రమముగా ఉపసంహరించుటకు నిర్ణయించిరి.

రెండవది మనకు దగ్గరిది. కర్ణాటకములో తెలుగు వినిపించు బాగేపల్లి ప్రాంతమున కూలీల సంఘము రెండు ఘనపు మీటర్ల ప్లాంట్లు 5,500 నిర్మింప తలపెట్టినది. క్యోటో ఒప్పందము క్రింద 2005 డిసెంబరులో ఆ పథకము నమోదైనది. అంచనా ఏటా సుమారు 19,500 టన్నులు. అనగా ఇంటికి మూడున్నర టన్నులు. ఇచ్చట లెక్కకు ఆధారము గుంటలోని మీథేను కాదు. ఇంటి పొయ్యిలో మిగిలిన కట్టెలు, కిరోసిన్. మన పల్లెలకు తగిన తక్కెడ ఇదియే యని మా అభిప్రాయము. అయితే వంట గ్యాసు సిలిండరు చేరిన ఇంట కట్టెల పొదుపు అంతగా ఉండదు. ఆ మేరకు లెక్కయు తగ్గవలెను.

మన కర్తవ్యము

భారత ప్రభుత్వము 2023 జూనులో కార్బన్ క్రెడిట్ వాణిజ్య పథకమును ప్రకటించి, డిసెంబరులో స్వచ్ఛందముగా పాల్గొను వారికి గూడ అవకాశము కల్పించినది. 2025 ఏప్రిలులో కనిగిరి సమీపమునందలి దివాకరపల్లిలో పెద్ద బయోగ్యాసు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. అచ్చటి ముడిసరుకు ప్రధానముగా గడ్డి. పేడ లెక్క దానికి వర్తింపదు. ఇట్టి భేదములను గుర్తింపని నియంత్రణ నియంత్రణ కాజాలదు.

మా దృష్టిలో నాలుగు సూత్రములు ముఖ్యము. మొదటిది, ప్లాంటుకు పూర్వము పేడ ఏమగుచుండెనో ఊరూర విచారించి వ్రాసికొనవలెను. రెండవది, కట్టిన ప్లాంటుకు గాక నడచుచున్న ప్లాంటుకే క్రెడిట్ ఈయవలెను. మేము ఒక పెరటిలో తుప్పు పట్టిన డ్రమ్మును చూచితిమి. దానిలో వాన నీరు తప్ప మరేమియు లేదు. కాగితముపై అదియు ప్లాంటే కదా! మూడవది, కారిపోవు గ్యాసును తీసివేసి, ఒకే మేలును ఇద్దరు అమ్ముకొనకుండ చూడవలెను. నాల్గవది, తెల్లవారుజామున పేడ ఎత్తి, నీరు మోసి, తొట్టిలో కలుపు ఇల్లాలికి ఆ సొమ్ములో వాటా ఉండవలెను.

క్రెడిట్ అనగా నమ్మకము. తప్పుడు లెక్కతో పుట్టిన క్రెడిట్‌ను కొన్నవాడు దాని చాటున మరింత పొగ వదలును. సముద్రము పొంగినచో ముందుగా మునుగునది మైపాడు వంటి తీరమే. కావున పేడదిబ్బను సరిగా కొలుచుట చిన్న పని కాదు. ఆ కొలతకు కావలసిన రసాయనశాస్త్రము, గణితము మన తరగతి గదులలోనే ఉన్నవి. వాటిని ఊరికి చేర్చుట విద్యార్థులమైన మన వంతు.