శనివారం పొయ్యి వెలిగించని ఇళ్ళు

మన చీమకుర్తి నుంచి ఒంగోలు చేరి, చీరాల, బాపట్ల, పొన్నూరు దాటితే చేబ్రోలు వస్తుంది. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెం. తరతరాలుగా పొలం కూలి మీద బతికిన మాదిగ కుటుంబాలు కొన్ని అక్కడ యూదు ధర్మం పాటిస్తున్నాయి. తమది ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రమని వాళ్ళ నమ్మకం. అందుకే తమను ‘బెనె ఎఫ్రాయిము’ అని చెప్పుకుంటారు. యాకోబి అన్నదమ్ములు షమూయేలు, సాదోకుల చొరవతో 1991లో అక్కడ ప్రార్థనా మందిరం వెలిసింది.

యూదు ధర్మంలో సగం వంటింట్లోనే ఉంది. మాంసం, పాలు కలవకూడదు. గోంగూర మాంసం నిక్షేపంగా వండుకోవచ్చు, కానీ నెయ్యి తగలకూడదు. బిర్యానీ పక్కన పెరుగు చట్నీ పనికిరాదు. పాలగిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. చేపకు రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. కొరమేను, బొచ్చె సరే. జెల్ల, వాలుగ, రొయ్య, పీత కూడదు. మనం బాలింతకు పెట్టే సొరపుట్టూ అంతే. మాంసాన్ని అరగంట నానబెట్టి, అన్ని వైపులా రాళ్ళుప్పు పట్టించి, నెత్తురు కారిపోయేలా ఏటవాలు పలక మీద గంటసేపు ఉంచి, మూడుసార్లు కడిగాకే కూరకు తీస్తారు.

ఇక సబ్బాతు, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా పొయ్యి వెలిగించకూడదు, పనికి వెళ్ళకూడదు. నెలజీతం వాళ్ళు సెలవు పెట్టుకుంటారు. మిరపకోతల రోజుల్లో కూలికి వెళ్ళే ఆడమనిషి శనివారం రానంటే ఆ రోజు కూలి పోతుంది, ముఠాలో చోటుకే ఎసరొస్తుంది. సాఫ్ట్‌వేర్ పిల్లలకు శుక్రవారం రాత్రి షిఫ్టుతో చిక్కు. ఆసుపత్రి నర్సుకు మాత్రం బెంగ లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు సబ్బాతును పక్కన పెట్టి తీరాలని యూదు శాస్త్రమే చెబుతోంది.

నా మనసుకు పట్టింది ఇంకొకటి. యూదుల ధర్మగ్రంథం తోరా ఆ విశ్రాంతిని యజమాని ఒక్కడికే ఇవ్వలేదు. దాసుడికీ, దాసికీ, ఎద్దుకీ, గాడిదకీ ఇచ్చింది. ఒకప్పుడు మీరూ ఐగుప్తులో బానిసలేనని గుర్తుచేసి మరీ ఇచ్చింది. పరాయి చేలో నడుం వంచినవాళ్ళకు ఇంతకన్నా పెద్ద మాట ఏముంటుంది?

అయితే శనివారం తిండి కూడా శుక్రవారమే వండిపెట్టేది ఎవరమ్మా? ఎక్కువ ఇళ్ళల్లో ఆడవాళ్ళే. మన ఆదివారమూ అంతే కదా! గ్రానైటు ఫ్యాక్టరీలో వారమంతా నిలబడి పనిచేసిన చెల్లికి ఆదివారం తెల్లవారేసరికి మాంసం కూర, బట్టల మూట సిద్ధంగా ఉంటాయి. పనులు పంచుకోని ఇంట్లో సెలవు మగవాళ్ళకే. కాబట్టి శనివారం రాత్రే కూర్చుని, మర్నాడు కూరలు ఎవరు తరగాలో, గిన్నెలు ఎవరు తోమాలో తేల్చుకోండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా జీతం కోయకుండా వారానికో రోజు ఇవ్వండి. ఆమెకూ ఒక ఇల్లుంది, ఒక ఒళ్ళుంది.