బట్టకు పనికొచ్చే రంగు, ఫ్లాస్కుకు పనికొచ్చే రంగు

మైపాడు, నెల్లూరు జిల్లా

చిరంజీవి సుధకు,

నీ ఉత్తరం అందింది. పరిశోధనకు నీ గైడు రెండు అంశాలు చెప్పారన్నావు. ఒకటి రుథీనియం, ఇరిడియం సమ్మేళనాలతో నీలి వెలుతురులో చర్యలు. రెండోది సేంద్రియ రంగులతో ఆకుపచ్చ, ఎర్ర వెలుతురులో. రెండోది చవకరకం పనని నీ తోటివాళ్లు నవ్వుతున్నారట. నన్నడిగితే అదే తీసుకో. 2008లో ప్రిన్స్‌టన్‌లో మెక్‌మిలన్, నైస్‌విచ్ రుథీనియంతో చేసి చూపిన ఆల్డిహైడ్ ఆల్కైలేషన్‌ను, 2011లో జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో జైట్లర్ బృందం ఇయోసిన్ వై వేసి, ఆకుపచ్చ ఎల్‌ఈడీ కింద చేసింది. నవ్వేవాళ్లకు ఆ పేపరు చూపించు.

ముందు శక్తి లెక్క చూసుకో. 450 నానోమీటర్ల నీలి కాంతిలో మోలు ఫోటాన్లకు సుమారు 64 కిలోకేలరీలుంటాయి. 660 దగ్గరి ఎర్ర కాంతిలో 43. మామూలు కార్బన్-కార్బన్ బంధం తెగాలంటే 80 పైనే కావాలి. కాబట్టి ఈ రెండింటిలో ఏదీ దాన్ని నేరుగా తెంచలేదు. రంగు అణువు వెలుతురును తీసుకుని, పక్క అణువుకు ఎలక్ట్రాన్ ఇచ్చో, దాని దగ్గర పుచ్చుకునో చర్యను నడిపిస్తుంది. ఎర్ర వెలుతురుతో చేతిలో ఉండే శక్తి తక్కువ గనక, రెడాక్స్ పొటెన్షియళ్లు ముందే కాగితం మీద వేసుకోవాలి. బదులుగా నీకొక లాభం ఉంది: మిగతా పదార్థాలు చాలావరకు ఎరుపును పీల్చవు, అందుకని అవసరం లేని చర్యలు తగ్గుతాయి.

రంగు ఎంపిక దగ్గర తొందరపడొద్దు. మన తీరపు ఇసుక నేలల్లో ఒకప్పుడు చిరివేరు తవ్వేవాళ్లు. అందులోని అలిజరిన్ పటికతో కలిసి బట్టకు ఎరుపు పట్టించేది. నీలానికి నీలిమందు ఉండనే ఉంది. బట్టకు మంచి రంగంటే ఎండకు వెలవనిది. నీలిమందు అణువు పీల్చిన వెలుతురును సెకనులో సుమారు వెయ్యి కోట్లో వంతులోనే వేడిగా వదిలేస్తుంది. బట్ట మీద నిలవడానికి ఏ గుణం సాయపడుతుందో, ఫ్లాస్కులో ఆ గుణమే అడ్డు. ఎలక్ట్రాన్ చేతులు మారడానికి వ్యవధి చాలదు. నీకు కావలసింది ఆ శక్తిని కొంతసేపు పట్టి ఉంచే రంగు. ఫ్లోరెసిన్‌కు నాలుగు బ్రోమిన్లు చేరిస్తే ఇయోసిన్; ఆ బరువైన పరమాణువుల వల్లే అది ట్రిప్లెట్ స్థితిలోకి జారి, మైక్రోసెకన్ల పాటు నిలుస్తుంది. ఆసుపత్రి ల్యాబుల్లో కణజాలానికి వాడే ఇయోసిన్ ఇదే. ఎర్ర వెలుతురుకైతే 665 దగ్గర పీల్చే మిథిలీన్ బ్లూతో మొదలుపెట్టు. అక్వేరియం షాపు సీసా కాదు, శుద్ధి తెలిసిన సరుకు కొను.

ఇక బెంచి దగ్గర. రంగు ఎక్కువ వేస్తే చర్య వేగంగా జరుగుతుందనుకోకు. ముదురు ద్రావణంలో గాజుకు ఆనుకున్న పలుచటి పొరే వెలుతురంతా మింగేస్తుంది, లోపలంతా చీకటే. గాలిని నైట్రోజన్‌తో తరిమెయ్యి. ఆక్సిజన్ ట్రిప్లెట్‌ను ఆర్పేసి, తాను సింగ్లెట్‌గా మారి నీ పదార్థం మీదే పడుతుంది. ఎల్‌ఈడీ పక్కన ఫ్యాను పెట్టు, ఫ్లాస్కు వేడి రాసుకో. గంట తిరక్కుండా రంగు వెలిసిపోతే, ఆ తర్వాత పని చేస్తున్నదేమిటో తేల్చుకోకుండా ముందుకెళ్లొద్దు.

మన ఎండ చూసి ఫ్లాస్కు మేడ మీద పెట్టాలనిపిస్తుంది. ఇటలీలోని బొలోన్యాలో రసాయన శాస్త్రవేత్త చమీచాన్ అలాగే మేడ మీద వరసగా సీసాలు పెట్టించాడు. రసాయన పరిశ్రమ ఎండతో నడవాలని 1912లోనే న్యూయార్క్‌లో ఉపన్యసించాడు. నువ్వూ పెట్టు, కానీ దీపం కింద ఫలితం నిలిచాకే. మబ్బు, వేడి, అతినీలలోహితం అన్నీ కలిసే ఎండలో ఏది పని చేసిందో విడదీయడం కష్టం.

చివరగా, ప్రతి చర్యకూ మూడు బ్లాంకులు: రేకు చుట్టి చీకట్లో ఒకటి, రంగు లేకుండా ఒకటి, గాలి తగలనిచ్చి ఒకటి. గైడుకు చూపించే మొదటి కాగితంలో యీల్డ్ కంటే పైన ఆ మూడూ రాయి. తొంభై శాతం వచ్చిందని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. చీకట్లో ఎంత వచ్చిందో కూడా చెప్పగలిగిన మనిషి మాట ల్యాబులో చెల్లుతుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ